మల్బరీ కట్టె మీద పుట్టగొడుగు పంట

తమిళనాడు కృష్ణగిరి జిల్లాలో డెంకణికోట, కెలమంగలం, శూలగిరి వైపు పట్టుపురుగులు పెంచే ఊళ్లలో గూళ్లు అమ్మేసి షెడ్డు కడిగిన మర్నాడు చూస్తే, షెడ్డు వెనక కొత్తగా ఒక కట్టెల కుప్ప లేచి ఉంటుంది. ఆకు ఒక్కొక్కటే కోసి, తరిగి, తట్టల్లో వేసే రోజులు చాలావరకు పోయాయి. ఇప్పుడు మల్బరీ కొమ్మను కొమ్మగానే నరికి తెచ్చి పురుగుల మీద పరుస్తారు. పురుగు ఆకు తింటుంది, కొమ్మ మిగులుతుంది. ఏడాదికి ఐదారు పంటలు తీసే రైతుకు ఎకరం తోట నుంచే ఈ కట్టె టన్నుల్లో పోగవుతుంది. కొంత పొయ్యిలోకి పోతుంది గానీ, ఇంటింటికీ గ్యాస్ వచ్చాక పొయ్యి వాటా బాగా తగ్గింది. మిగిలింది గట్టు మీద ఎండి, చెదలు పట్టి, చివరికి ఒకరోజు నిప్పు పెడితే బూడిదవుతుంది.

పొలంలో మిగిలే చెత్తతో పుట్టగొడుగులు పండించవచ్చన్న సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు. శిక్షణ తరగతుల్లో చెప్తున్నారు, ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. కానీ ఎక్కడ చూసినా పాఠం వరిగడ్డితో మొదలై వరిగడ్డితోనే ముగుస్తోంది. హోసూరు, కృష్ణగిరి సీమకు ఆ పాఠం సగమే సరిపోతుంది. ఇది రాగి, ఉలవ, మామిడి, మల్బరీ, కూరగాయలు పండే నేల. దక్షిణ పినాకిని నీళ్లు పారే చోట, 1950లలో కట్టిన కృష్ణగిరి ఆనకట్ట కింద, చెరువుల కింద మాత్రమే వరి కనిపిస్తుంది. అక్కడి వరిగడ్డికైనా, మెట్ట మీది రాగిగడ్డికైనా ముందే హక్కుదారు ఉంది. అది కొట్టంలో కట్టేసిన ఆవు. వామిలో ఎంత గడ్డి ఉందో చూసుకుని, ఎండాకాలం దాటేదాకా పశువుల్ని ఉంచుకోవాలా అమ్మేయాలా అని లెక్క వేసే ఇళ్లు ఇక్కడ ఇంకా ఉన్నాయి. ఆ వామిలోంచి పుట్టగొడుగుల షెడ్డుకు గడ్డి లాగితే పాల లెక్క దెబ్బతింటుంది. అందుకని ఈ సీమలో మొదట తేల్చుకోవలసింది ఒకటి: పశువు ముట్టనిది, పుట్టగొడుగు ఇష్టపడేది ఏది? నా సమాధానం మల్బరీ కట్టె. ఎందుకో తెలియాలంటే ముందు శిలీంధ్రం ఎలా తింటుందో చూడాలి.

బయటే అరిగించుకునే జీవి

మనం కోసుకునే పుట్టగొడుగు ఆ జీవికి కాపు మాత్రమే. అసలు జీవి గడ్డి లోపల, కట్టె లోపల సన్నటి తెల్లని దారాలుగా అల్లుకుని ఉంటుంది. దాని పేరు మైసీలియం. ఆకుపచ్చ మొక్కలాగా ఎండలో తన తిండి తాను తయారుచేసుకోలేదు, జంతువులాగా మింగి కడుపులో అరిగించుకోలేదు. దారాల కొసల నుంచి ఎంజైములను బయటికి వదులుతుంది. తిండిని బయటే కరిగించి, కరిగిన రసాన్ని పీల్చుకుంటుంది.

గడ్డిలోనైనా కట్టెలోనైనా అది కరిగించాల్సిన పదార్థాలు ముఖ్యంగా మూడు. సెల్యులోజ్, హెమీసెల్యులోజ్ రెండూ చక్కెర అణువులు గొలుసుకట్టుగా చేరినవి. మూడోది లిగ్నిన్, దాని పొందిక పూర్తిగా వేరు. మిద్దె స్లాబులో ఇనుప కడ్డీల చుట్టూ సిమెంటు బిగిసినట్టు సెల్యులోజ్ పోగుల చుట్టూ లిగ్నిన్ బిగిసి ఉంటుంది. మొక్క నిటారుగా నిలబడేది దాని బలంతోనే. ఆవు కడుపులోని సూక్ష్మజీవులు సెల్యులోజ్‌ను అరిగించగలవు. గాలి ఆడని ఆ చోట లిగ్నిన్‌ను మాత్రం ఏమీ చేయలేవు. ఆవు గడ్డి తిని కట్టె వదిలేయడానికి ముఖ్య కారణం ఇదే.

లిగ్నిన్‌ను పూర్తిగా విడగొట్టగల జీవులు ప్రకృతిలో కొద్దే. వాటిలో ముందు వరుసలో ఉండేవి ‘తెల్లకుళ్లు’ శిలీంధ్రాలు. వానాకాలం అడవిలో పడిపోయిన మాను తెల్లగా, పీచుపీచుగా, చేత్తో నలిపితే పొడి అయ్యేలా మారుతుందే, అది వీటి పనే. మనం కూర వండుకునే చిప్ప పుట్టగొడుగు, అంటే ఆయిస్టర్ (శాస్త్రనామం ప్లూరోటస్), ఈ గుంపులోదే. అది లాకేస్, మాంగనీస్ పెరాక్సిడేజ్ లాంటి ఎంజైములను వదిలి లిగ్నిన్ బిగువు సడలిస్తుంది, లోపల దాగిన చక్కెరలను అందుకుంటుంది. దీని సొంత ఇల్లు చచ్చిన చెట్టు మానే. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఆహార కరువులో, 1917లో, జర్మనీలో ఫాల్క్ అనే శాస్త్రవేత్త దీన్ని సాగుచేసి చూపింది కూడా చెట్టు మొద్దుల మీదే. గడ్డి ఆ తర్వాత మనుషులు అలవాటు చేసిన తిండి.

ఆ అలవాటు చేయడంలో మన దక్షిణాది పాత్ర చిన్నది కాదు. కోయంబత్తూరులో కె.ఎం. థామస్ బృందం 1940ల ఆరంభంలోనే వరిగడ్డి పుట్టగొడుగు అనే మరో జాతి సాగును ఈ దేశంలో మొదలుపెట్టింది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో జకియా బానో, శ్రీవాస్తవ కలిసి 1962లో చిప్ప పుట్టగొడుగును వరిగడ్డి మీద పెంచే పద్ధతిని వెల్లడించారు. హోసూరు నుంచి మైసూరు ఒక పూట ప్రయాణం. ఈ రోజు దేశంలో ఏ మూల ఏ మహిళా సంఘం గడ్డి నింపిన పాలిథిన్ సంచులు వేలాడదీసినా ఆ ప్రయోగశాలకు కొంత రుణపడి ఉన్నట్టే.

నత్రజని లెక్క

పుట్టగొడుగుల రైతు దిగుబడిని ఎకరాల్లో చూడడు. కిలో ఎండుగడ్డికి ఎన్ని గ్రాముల పచ్చి పుట్టగొడుగులు వచ్చాయన్నదే లెక్క. కిలోకు 700 గ్రాములు వస్తే 70 శాతం అంటారు, దీన్నే జీవ సామర్థ్యం అని పిలుస్తారు. ఇది 100 దాటడం కూడా వింతేమీ కాదు, ఎందుకంటే పుట్టగొడుగులో పదింట తొమ్మిది వంతులు నీరే. అసలు సరుకు చూస్తే 700 గ్రాముల పుట్టగొడుగుల్లో ఎండు పదార్థం సుమారు 70 గ్రాములు. గడ్డిలోని మిగతా పదార్థంలో కొంత శిలీంధ్రం ఊపిరిలో బొగ్గుపులుసు వాయువై గాలిలో కలిసిపోతుంది, తక్కింది బెడ్డులోనే, అంటే గడ్డి నింపిన సంచిలోనే, ఉండిపోతుంది.

ఆ 70 గ్రాములలో 20 నుంచి 30 శాతం దాకా ప్రోటీన్ ఉంటుంది. ప్రోటీన్ తయారవ్వాలంటే నత్రజని కావాలి. వరిగడ్డిలో నత్రజని అర శాతం చిల్లర, అంటే కిలోకు ఐదారు గ్రాములు. మంచి కాపు వచ్చిన బెడ్డులో అందులో సగానికి అటూ ఇటూ పుట్టగొడుగుల్లోకి చేరిపోతుంది. గడ్డిలో చక్కెరలకు కొదవ లేదు, ముందుగా ఒట్టిపోయేది నత్రజనే. దిగుబడి పెంచాలని పరిశోధకులు గోధుమ తవుడు, వరి తవుడు, పత్తిగింజల చెక్క, పప్పుధాన్యాల పొట్టు కలిపి చూడడానికి కారణం ఇది.

దీనికి ఒక పెద్ద ఉదాహరణ హాంకాంగ్‌ది. అక్కడి ఎస్.టి. చాంగ్ 1970ల ఆరంభంలో వరిగడ్డి పుట్టగొడుగుకు గడ్డి బదులు పత్తి మిల్లుల్లో మిగిలే వ్యర్థాన్ని వాడి చూశాడు. గడ్డి మీద 10–15 శాతం మించని దిగుబడి పత్తి వ్యర్థం మీద 30–40 శాతానికి చేరింది. మిల్లు ఊడ్చి పారేసేది చాలా దేశాల్లో సరుకుగా మారింది. మన ఒడిశాలో, తమిళనాడులో అదే పుట్టగొడుగు బెడ్ల మీద విత్తనంతో పాటు కంది పిండో శనగ పిండో చల్లే వాడుక ఉంది. అది కూడా నత్రజని కోసమే.

అయితే ‘కాస్త కలిపితే కాస్త పెరిగింది, ఎక్కువ కలిపితే ఎక్కువ పెరుగుతుంది’ అనుకుంటే బెడ్డు పచ్చబడుతుంది. ఎండుగడ్డి బరువులో 5 నుంచి 10 శాతం తవుడు దాకా పర్వాలేదు. అది దాటితే బెడ్డు లోపల వేడి పెరుగుతుంది, ట్రైకోడెర్మా అనే పచ్చబూజు దూకుతుంది. మన రైతులకు ట్రైకోడెర్మా మిత్రుడిగా తెలుసు. టమాటా నారుకు, అల్లానికి వేరుకుళ్లు రాకుండా పశువుల ఎరువులో కలిపి వేస్తారు. చేలో అది ఇతర శిలీంధ్రాలను తినేస్తుంది కనుక మేలు. పుట్టగొడుగూ శిలీంధ్రమే కదా, షెడ్డులో దాన్నీ వదలదు. పొలంలో ట్రైకోడెర్మా చల్లిన చేతులతో, ఆ బట్టలతో పుట్టగొడుగుల గదిలోకి వెళ్లకూడదు. తవుడు కలిపిన మేతను గడ్డిలాగా వేడినీళ్లతో సరిపెట్టకుండా ఆవిరిలో బాగా ఉడికించాలి. ఈ రెండు జాగ్రత్తలూ పాటించలేనివారు తవుడు జోలికి పోకపోవడమే మంచిది, తక్కువ కాపైనా బెడ్డు దక్కుతుంది.

జిల్లాలో ఏది పనికొస్తుంది, ఏది రాదు

శిలీంధ్రం తిండి తీరు తెలిశాక కృష్ణగిరి జిల్లాలో మిగిలే చెత్తనంతా ఒకసారి వేరుచేసి చూడవచ్చు.

మామిడి సంగతి ముందు చెప్పాలి. చిత్తూరుతో కలిసి ఈ సీమ దేశంలోని పెద్ద మామిడి గుజ్జు కేంద్రాలలో ఒకటి. తోతాపురి, మనవాళ్లు బెంగళూరా అనేది, వేసవిలో లారీలకు లారీలు గుజ్జు ఫ్యాక్టరీలకు చేరుతుంది. పండు బరువులో మూడో వంతుకు తగ్గకుండా తొక్కా టెంకా బయటపడుతుంది. ఇంత చెత్త కళ్ల ముందు ఉంటే పుట్టగొడుగులకు వాడదామని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ తొక్కలో ఉన్నది తడి, చక్కెర. లిగ్నిన్ కరిగించగల నేర్పు చిప్ప పుట్టగొడుగు బలం. చక్కెర సిద్ధంగా దొరికే చోట ఆ నేర్పుకు విలువ లేదు, అక్కడ వేగంగా పెరిగే నల్లబూజు, పులిసే ఈస్టు గెలుస్తాయి. పచ్చి తొక్క నింపిన బెడ్డు మూడు రోజుల్లో వాసన వేస్తుంది. ఈగలు కూడా చేరతాయి. గుజ్జు చెత్తకు బయోగ్యాసు, కంపోస్టు సరైన దారులు. టెంకలోని జీడికి వేరే ఉపయోగాలు ఉన్నాయి.

కావేరిపట్నం, పోచంపల్లి వైపు కొబ్బరి తోటల నుంచి వచ్చే పీచుపొట్టు కథ ఇంకోలా ఉంటుంది. దానిలో లిగ్నిన్ 30 శాతం దాకా ఉంటుంది, నత్రజని దాదాపు శూన్యం. ఒక్కదానితోనే బెడ్డు కడితే కాపు బలహీనంగా వస్తుంది. కానీ అదే ప్లూరోటస్‌ను పుట్టగొడుగు కోసం కాకుండా పొట్టును కుళ్లబెట్టడం కోసం వాడే పద్ధతి తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పింది. టన్ను పీచుపొట్టును పొరలు పొరలుగా పరిచి, మధ్యలో 5 సీసాల పుట్టగొడుగు విత్తనం, 5 కిలోల యూరియా మార్చి మార్చి చల్లి తడి ఆరకుండా ఉంచితే నెల, నెలన్నరలో నల్లటి ఎరువు అవుతుంది. కాయర్ బోర్డు ‘పిత్‌ప్లస్’ పేరుతో అమ్ముతున్న పొడిలో ఉన్నదీ ఈ జాతి శిలీంధ్రమే.

హోసూరు, బాగలూరు వైపు క్యాబేజీ ఆకులు, కాలీఫ్లవర్ మొదళ్లు, రాయకోట టమాటా, పాలీహౌసుల గులాబీ కొమ్మలు చెప్పలేనంత మిగులుతాయి. కూరగాయల చెత్త తడిగా మెత్తగా ఉంటుంది కనుక పనికిరాదు. గులాబీ కొమ్మ కట్టెగా పనికొచ్చేలా కనిపించినా దాన్ని నేను గట్టిగా వద్దంటాను. ఎగుమతి గులాబీ మీద పురుగుమందులు, తెగులు మందులు ఎన్నిసార్లు పడతాయో అక్కడ పనిచేసేవారిని అడిగితే తెలుస్తుంది. తెగులు మందు అంటే శిలీంధ్రనాశని, అది పుట్టగొడుగు దారాలను కూడా అణచేస్తుంది. అంతకంటే పెద్ద చిక్కు, పుట్టగొడుగు తన మేతలోని సీసం, కాడ్మియం లాంటి భారలోహాలను తనలోకి లాగి నిలవచేస్తుంది. మేత శుభ్రంగా లేకపోతే కూర శుభ్రంగా ఉండదు.

వేరుశనగ పొట్టు గట్టిది, ఒక్కటే వేస్తే నీరు నిలవదు, గడ్డిలో కొంత కలపవచ్చు. మొక్కజొన్న బెండ్లు నలగ్గొట్టి వాడితే బాగానే పనిచేస్తాయి. ఉలవలు నూర్చగా మిగిలే పొట్టు, కాయల తొక్క నత్రజనికి మంచివే గానీ అవి కూడా పశువు ఇష్టంగా తినేవే. పైయూరులోని వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంతీయ పరిశోధన కేంద్రం పేరు మీదుగానే రాగి, ఉలవ రకాలు విడుదలయ్యాయంటే ఈ రెండు పంటలూ ఇక్కడి మెట్టకు ఎంత దగ్గరివో తెలుస్తుంది. వాటి గడ్డి, పొట్టు ఆవు మేతగానే ఉండాలి.

మల్బరీ కట్టె ఎందుకు

ఇక మిగిలింది మల్బరీ. దీనికి మూడు గుణాలు ఉన్నాయి. మొదటిది, ఆకు పోయిన ఎండుకట్టెను ఆవు తినదు. రెండోది, చిప్ప పుట్టగొడుగు పుట్టు అలవాటుకు కట్టె దగ్గర. లేత కొమ్మ కనుక పెద్ద చెట్టు కలపంత గట్టిగా ఉండదు, బెరడు వాటా ఎక్కువ, బెరడులో కలపకంటే నత్రజని ఎక్కువ. మూడోది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. మల్బరీ తోటలో రైతు పురుగుమందు ఇష్టం వచ్చినట్టు కొట్టలేడు. కొడితే చచ్చేది తన పురుగే. మందు వాడక తప్పకపోయినా తగినన్ని రోజులు ఆగి, వాసన పోయాకే ఆకు కోస్తాడు. పక్క చేలో కొట్టిన మందు గాలికి వచ్చి పడినా బ్యాచీ మొత్తం పోతుందని భయపడతాడు. హోసూరు చుట్టుపక్కల ఇంత జాగ్రత్తగా కాపాడే పంట ఇంకొకటి లేదు. పట్టుపురుగు తిని బతికిన కొమ్మ కంటే శుభ్రమైన కొమ్మ ఎక్కడ దొరుకుతుంది?

చైనాలో పట్టు పండించే రాష్ట్రాల్లో మల్బరీ కొమ్మలను పొడిచేసి రకరకాల పుట్టగొడుగులు పెంచడం మామూలు పనే. మన దేశంలోనూ పట్టు పరిశోధకులు చిప్ప పుట్టగొడుగును దీని మీద పెంచి చూశారు. ఇక్కడ ఒక సంగతి గుర్తు చేయాలి. అదే చైనాలో పుట్టగొడుగుల కోసం అడవులు నరుకుతున్నారన్న ఆందోళనతో 1980లలో ఫూజియన్ రాష్ట్రంలో లిన్ ఝాన్‌శీ అనే శాస్త్రవేత్త కట్టె బదులు పెద్ద జాతి గడ్డి మీద పుట్టగొడుగులు పెంచే పద్ధతి తెచ్చాడు. జున్‌చావో అనే ఆ పద్ధతి ఆఫ్రికా దాకా పాకింది. అక్కడ అడవి కోసం కట్టె నుంచి గడ్డికి మళ్లారు. ఇక్కడ ఆవు కోసం గడ్డి నుంచి కట్టెకు మళ్లవచ్చు, చెట్టు ఒక్కటీ నరకకుండానే.

కట్టెకు ఉన్న ఇబ్బందులు దాచకూడదు. గడ్డిని కొడవలితోనో కత్తిపీటతోనో 3 నుంచి 5 సెంటీమీటర్ల ముక్కలు చేయవచ్చు. మల్బరీ కట్టెకు యంత్రం కావాలి, అదీ గోరంత ముక్కలుగా తురిమేది. ముక్క పెద్దదైతే లోపలికి నీరు దిగదు, పదును కొస పాలిథిన్ సంచిని చీలుస్తుంది, ఆ చిరుగులోంచి పచ్చబూజు దూరుతుంది. గడ్డి ఒక రాత్రి నానితే చాలు, కట్టె ముక్కకు ఇంకా ఎక్కువ సేపు పడుతుంది. దారాలు అల్లుకోవడానికి గడ్డిలో 15 నుంచి 20 రోజులు పడితే కట్టెలో అంతకంటే ఆలస్యం అవుతుంది. అందుకే మొదట సగం వరిగడ్డి, సగం మల్బరీ ముక్కలు కలిపి కట్టడం మేలు. గడ్డిలో దారాలు త్వరగా పాకి నిలదొక్కుకుంటాయి, కట్టె నిదానంగా కరుగుతూ రెండో కాపుకు, మూడో కాపుకు బలం ఇస్తుంది. వరిగడ్డి అవసరం అక్కడికక్కడే సగానికి తగ్గుతుంది.

పట్టు రైతు ప్రత్యేకంగా గమనించవలసినవి ఇంకో రెండున్నాయి. పురుగుల పడక మీద రోగాలు రాకుండా సున్నం, మందు పొడులు చల్లుతారు. వాటిలో కొన్ని శిలీంధ్రాలను చంపడానికే చేసినవి. పడక నుంచి ఎత్తిన కొమ్మలను బాగా కడిగి వాడాలి, లేదా తోటలో కత్తిరింపు వేసినప్పుడు వచ్చే కొమ్మల్నే తీసుకోవాలి. జబ్బు చేసిన పంట తాలూకు కొమ్మలు అసలు ముట్టుకోకూడదు. రెండోది చోటు. ఖాళీగా ఉన్న పట్టు షెడ్డులోనే పుట్టగొడుగులు పెంచేస్తే ఖర్చు కలిసొస్తుందని అనిపిస్తుంది. అది ప్రమాదం. పుట్టగొడుగుకు కావలసిన 80, 90 శాతం తేమలో ఆస్పర్జిల్లస్ లాంటి బూజులు కూడా పెరుగుతాయి, అవి తర్వాత వచ్చే పంటలో చిన్న పురుగులను పట్టుకుంటాయి. రెండు గదులూ వేరుగా, గాలి ఒకదాని మీంచి ఇంకోదానికి వీచకుండా ఉండాలి.

ఉడికించడం, నాటడం

గడ్డిలోనూ కట్టెలోనూ ముందే కోట్ల సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. విత్తనం వేసేముందు వాటిని తగ్గించాలి. కార్బెండజిమ్, ఫార్మలిన్ కలిపిన నీళ్లలో 16 నుంచి 18 గంటలు నానబెట్టే పద్ధతి దేశమంతా వాడుకలో ఉంది, పరిశోధన సంస్థలే చెప్పింది. ఖర్చు తక్కువ, కట్టెలు మండించే పని లేదు. అయినా నాకు అది నచ్చదు. ఫార్మలిన్ ఘాటు కళ్లకు, ఊపిరితిత్తులకు చెరుపు. ఆ నీళ్లలో చేతులు పెట్టేది ఎక్కువగా ఆడవాళ్లు, అదీ చేతులకు ఏ తొడుగూ లేకుండా. వాడిన బెడ్డును తర్వాత పశువుకో పొలానికో ఇవ్వాలనుకుంటే మందులేని మేతే ఉండాలి. నానిన గడ్డిని 80 డిగ్రీల దగ్గర గంట సేపు వేడినీళ్లలో ఉంచితే పని జరుగుతుంది. మరిగించి మరిగించి సమస్త జీవులనూ చంపనక్కర్లేదు. ఆ వేడికి బూజు జాతులు చస్తాయి, వేడిని ఓర్చుకునే కొన్ని మేలైన బ్యాక్టీరియాలు మిగిలి కొత్తగా వచ్చే బూజుకు చోటివ్వవు. ఉడికించడానికి పొయ్యిలోకి కూడా మల్బరీ కట్టె ఉంది కదా.

తర్వాత నీరు వార్చి, పిడికిట పిండితే బొట్లు కారకుండా చెయ్యి మాత్రం తడిసేంత తేమలో సంచుల్లోకి ఎక్కించాలి. గడ్డి ఒక పొర, జొన్నగింజల మీద పెంచిన విత్తనం ఒక పొర. ధాన్యపు గింజ మీద పుట్టగొడుగు విత్తనం తయారుచేసే ఉపాయం 1930లలో అమెరికాలోని పెన్సిల్వేనియాలో జేమ్స్ సిండెన్ కనిపెట్టింది. అంతకుముందు పాత ఎరువు గడ్డలనే విత్తనంగా వాడేవారు. ఇప్పటికీ ప్రపంచమంతా ఆ గింజ పద్ధతే నడుస్తోంది, మన దగ్గర ఆ గింజ జొన్న.

మొగ్గ తొడిగేదాకా చీకటి, మూసిన గాలి పర్వాలేదు. మొగ్గ కనిపించాక మాత్రం కొత్త గాలి ఆడాలి. బొగ్గుపులుసు వాయువు నిలిచిపోతే కాడ పొడుగ్గా సాగి గొడుగు చిన్నదైపోతుంది. అలాంటి పుట్టగొడుగు కనిపిస్తే మేతను తప్పుపట్టకుండా కిటికీ తెరవాలి. కోత ఆలస్యమైతే చిప్ప పుట్టగొడుగు కోట్ల బీజాలను గాలిలోకి వదులుతుంది, రోజూ పీల్చేవారికి దగ్గు, ఆయాసం వస్తాయి. అంచులు పైకి తిరగకముందే కోయాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

హోసూరు పైన, కృష్ణగిరి కింద

ఈ జిల్లాకు ఉన్న ఒక వరం ఎత్తు. హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. జాతీయ రహదారి మీద 50 కిలోమీటర్లు దిగి కృష్ణగిరి చేరితే ఎత్తు దాదాపు 500 మీటర్లకు పడిపోతుంది, ఎండ మండుతుంది. చిప్ప పుట్టగొడుగుకు 22 నుంచి 28 డిగ్రీలు హాయి. హోసూరు, తళి, బాగలూరు వైపు ఏసీ లేకుండానే ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ చల్లదనం దొరుకుతుంది. కృష్ణగిరి, కావేరిపట్నం, ఊత్తంగరై వైపు మార్చి నుంచి జూన్ దాకా దీన్ని పెంచడం కష్టం. అక్కడికి పాల పుట్టగొడుగు సరిపోతుంది. పశ్చిమ బెంగాల్‌లో దొరికిన ఈ జాతిని పుర్కాయస్థ, చంద్ర 1974లో శాస్త్రలోకానికి పరిచయం చేశారు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయపు అరుప్పుకోట్టై కేంద్రం 1998లో ఏపీకే 2 పేరుతో దీన్ని సాగు రకంగా విడుదల చేసింది. 30 నుంచి 35 డిగ్రీల వేడిలో బాగా కాస్తుంది. బెడ్డు మీద మట్టి పొర వేయాల్సిన పని అదనం, కానీ చిప్ప పుట్టగొడుగు ఒక రోజుకే వాడిపోతే ఇది ఫ్రిజ్ లేకుండా మూడు రోజులైనా నిలుస్తుంది. బెంగళూరు మార్కెట్‌కు పంపేవారికి ఆ మూడు రోజులు చాలా విలువైనవి. 14 నుంచి 18 డిగ్రీలు కోరే బటన్ పుట్టగొడుగు పెద్ద పెట్టుబడి వ్యవహారం, చిన్న రైతు దాని వెంట పడకపోవడం మంచిది.

మూడు కాపులు అయ్యాక మిగిలే బెడ్డు మళ్లీ పొలం సొమ్ము. దాంట్లో లిగ్నిన్ సడలి ఉంటుంది, వానపాములు ఇష్టంగా తింటాయి. గడ్డి ఎక్కువగా ఉన్న శుభ్రమైన బెడ్డును, మందు తగలకపోతే, బూజు లేకపోతే, మామూలు మేతలో కొద్దిగా కలిపి పశువుకు పెట్టవచ్చు. పచ్చబూజు పట్టినది మాత్రం పెట్టకూడదు. కట్టె కలిసిన బెడ్డు వర్మీకంపోస్టుకే. సాగునీటి కింద మల్బరీ తోటకు హెక్టారుకు ఏటా 20 టన్నుల పశువుల ఎరువు వేయాలని సిఫారసు. అంత ఎరువు ఈ రోజు ఎవరి దగ్గరా లేదు, కొనాలంటే ధర మండుతోంది. కొమ్మగా తోట నుంచి పోయిన దానిలో కొంత భాగమైనా ఎరువుగా తోటకే తిరిగి వస్తే నేల నిలుస్తుంది.

హోసూరులోనే కేంద్ర పట్టు మండలికి చెందిన మల్బరీ, పట్టుపురుగు జాతుల నిధి కేంద్రం ఉంది. పైయూరులో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. బెంగళూరు హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థలో పుట్టగొడుగుల ప్రయోగశాల ఉంది. మల్బరీ తెలిసినవారు, మెట్ట సాగు తెలిసినవారు, పుట్టగొడుగు తెలిసినవారు ఒక పూట దూరంలో ఉన్నారు. వారు కలిసి ఈ జిల్లా గాలిలో, ఈ జిల్లా కట్టె మీద, వరిగడ్డి ఒకటి, సగం సగం ఒకటి, తవుడు కలిపిన కట్టె ఒకటి పక్కపక్కన పెట్టి కాపు తూచి రైతుకు తెలుగులో, తమిళంలో, కన్నడంలో చెప్పాలి. రైతు చేయగలిగిందీ ఉంది. ఆ కుప్పకు ఈసారి నిప్పు పెట్టకుండా పది బెడ్లకు సరిపడా ముక్కలు చేసి చూడాలి. అతని దగ్గర లేనిది కట్టె తురిమే యంత్రం ఒక్కటే. పది మంది పట్టు రైతులున్న ప్రతి ఊరికీ పట్టు శాఖ అటువంటి యంత్రాన్ని అద్దెకు అందుబాటులో ఉంచాలి.